వారెంటు అమలులో ఉన్నదా? – చీరాల నేపథ్యంలో న్యాయసమాచారం, భాషావరోధాలు

వ్యాససంగ్రహం

ఒక వ్యక్తి మీద జారీ అయిన అరెస్టు వారెంటు అమలులో ఉన్నదో లేదో తెలుసుకోవడానికి మన దేశంలో ప్రజలందరూ చూడదగిన ప్రత్యేక పట్టిక లేదు. ఆ సమాచారం కోర్టు రికార్డులో, పోలీసు స్టేషన్ రిజిస్టరులో, ఈ-కోర్ట్స్ పుటల్లో విడివిడిగా ఉంటుంది. దానిని వెదికే పద్ధతిని బాపట్ల జిల్లాలోని చీరాల పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు పేర్ల రోమన్ లిప్యంతరీకరణ, వాయిదా నమోదుల సంక్షిప్త ఆంగ్లం, న్యాయపదాల తెలుగు వాడుక అనే మూడూ ఈ వెదుకులాటలో ఎట్లా అడ్డువస్తున్నాయో చూపుతుంది.

కీలకపదాలు: అరెస్టు వారెంటు, ఎన్.బి.డబ్ల్యు., ఈ-కోర్ట్స్, లిప్యంతరీకరణ, న్యాయపరిభాష, ముద్దాయి, రీకాల్, చీరాల.

1. ప్రవేశిక

తన మీద వారెంటు ఉన్నదేమో అన్న అనుమానం చాలామందికి ఆకస్మికంగానే కలుగుతుంది. ఎప్పుడో జామీను నిలిచిన బంధువుకు కోర్టు నుండి నోటీసు వస్తుంది. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లదలచినవాని పాస్‌పోర్టు దరఖాస్తు పోలీసు విచారణ దగ్గర ఆగిపోతుంది. దరఖాస్తుదారు మీద కోర్టు జారీచేసిన వారెంటు ఉన్నట్లయితే పాస్‌పోర్టును నిరాకరించవచ్చునని 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 6వ సెక్షన్ చెబుతున్నది. రాజీ కుదిరిందనుకొని వాయిదాలకు పోవడం మానినవారు, ఊరు మారినవారు, సమను అందిన సంగతే తెలియనివారు ఈ స్థితిలోకి వస్తారు. వీరిలో నేరబుద్ధితో తప్పించుకొని తిరిగేవారు కొందరే. తేదీని, చిరునామాను, కాగితాన్ని పోగొట్టుకున్నవారే ఎక్కువగా కనిపిస్తారు.

అమెరికాలో అనేక కౌంటీల షెరీఫ్ కార్యాలయాలు అమలు కావలసిన వారెంట్ల జాబితాలను అంతర్జాలంలో ఉంచుతాయి. అక్కడి తెలుగువారు ఇక్కడి తమ బంధువుల విషయంలోనూ అటువంటి జాబితా కోసమే వెదికి నిరాశ పడుతుంటారు. ఇక్కడ వెదకవలసింది వారెంటును కాదు, కేసును. కేసు దొరికితే అందులో వారెంటు సంగతి తెలుస్తుంది. ఈ తేడా గ్రహించనిదే తక్కిన ప్రయత్నమంతా వృథా.

చీరాలను ఎన్నుకోవడానికి కారణం ఉంది. అది చేనేతకు పేరుపడిన పట్టణం. నూలు, వస్త్రం అరువు మీద చేతులు మారేచోట చెక్కు పుస్తకమే పూచీగా నిలుస్తుంది కనుక చెక్కుల కేసులు సహజం. పైగా 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయినప్పుడు చీరాల ప్రకాశం జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వచ్చింది. పోలీసు యంత్రాంగం బాపట్ల జిల్లాది అయింది. ఈ-కోర్ట్స్‌లో మాత్రం జిల్లాల పట్టిక పాత 13 జిల్లాల చట్రాన్నే అనుసరిస్తున్నది. అందువల్ల చీరాల కోర్టు కేసును ప్రకాశం కింద వెదకాలి. బాపట్ల అనే పేరు కోసం చూసి, అది లేకపోవడంతో కేసే లేదనుకొన్నవాడు మొదటి మెట్టు మీదనే మోసపోతాడు. తెలంగాణలో పరిస్థితి వేరు. అక్కడ 2022 జూన్ 2న న్యాయ జిల్లాలను కూడా కొత్త రెవెన్యూ జిల్లాలకు అనుగుణంగా ఏర్పాటుచేశారు.

2. వారెంటు – చట్టంలోని అర్థం, వాడుకలోని అర్థం

2024 జులై 1 నుండి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. దాని 72వ సెక్షన్ ప్రకారం (పాత కోడ్‌లో ఇది 70) అరెస్టు వారెంటు లిఖితపూర్వకంగా ఉండాలి, న్యాయాధికారి సంతకం ఉండాలి, కోర్టు ముద్ర ఉండాలి. జారీచేసిన కోర్టు రద్దుచేసేవరకో, అమలు జరిగేవరకో అది చెల్లుబాటులో ఉంటుంది. దానంతట అది కాలం చెల్లిపోదు. ‘ఏడేళ్లయింది, ఇంకేముంటుంది’ అనే లోకాభిప్రాయానికి చట్టంలో ఆధారం లేదు. ప్రామిసరీ నోటుకు కాలదోషం పట్టినట్లు వారెంటుకు పట్టదు.

వారెంట్లు ప్రధానంగా రెండు విధాలు. ఫలానా మొత్తానికి పూచీకత్తు రాసి ఇస్తే విడిచిపెట్టవచ్చునని కోర్టే వారెంటు మీద రాసి పంపితే అది బెయిలబుల్ వారెంటు. ఆ రాత లేనిది నాన్ బెయిలబుల్ వారెంటు. కోర్టు ఆవరణలో దీని వాడుక పేరు ఎన్.బి.డబ్ల్యు. ఈ రెండవదానిని తెలుగు పత్రికలు కొన్నిసార్లు ‘బెయిలుకు వీలులేని వారెంటు’ అని అనువదిస్తాయి. మాటకు మాట సరిపోయినట్లే కనిపించినా, చదివిన సామాన్యునికి కలిగే భావం తప్పు. ఇక తనకు బెయిలే రాదని అతడు అనుకుంటాడు. నిజానికి ఆ మాట అమలుచేసే పోలీసు అధికారికి విడిచిపెట్టే అధికారం లేదని మాత్రమే చెబుతుంది. కోర్టు ముందు హాజరయ్యాక బెయిలు ఇచ్చే అధికారం, వారెంటును వెనక్కి తీసుకొనే అధికారం కోర్టుకు ఎప్పుడూ ఉన్నాయి.

నేరం బెయిలబులా కాదా అన్నది వేరు, వారెంటు బెయిలబులా కాదా అన్నది వేరు. చెక్కు చెల్లని కేసు, అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద వచ్చేది, బెయిలబుల్ నేరమే. కాని నిందితుడు వాయిదాలకు రాకపోతే అదే కేసులో ఎన్.బి.డబ్ల్యు. జారీ కావచ్చు. ఒకే విశేషణం రెండు విశేష్యాలకు రెండు భిన్నార్థాలతో చేరుతున్నదన్నమాట. తెలుగులో ‘కోర్టు ముందే విడుదల పొందవలసిన వారెంటు’ అన్నట్టి వివరణాత్మక ప్రయోగం అనువాదం కన్న మేలు. దీనివల్ల జరిగే నష్టం పరిభాషకే పరిమితం కాదు. బెయిలు రాదని భయపడినవాడు కోర్టుకు పోవడం మానుకుంటాడు; మానుకున్నకొద్దీ అతని స్థితి దిగజారుతుంది.

కోర్టులు మొదటే ఎన్.బి.డబ్ల్యు. జారీ చేయకూడదని, సాధారణంగా ముందు సమను, తరువాత బెయిలబుల్ వారెంటు, అప్పటికీ రాకపోతేనే ఎన్.బి.డబ్ల్యు. అనే క్రమం పాటించాలని సుప్రీంకోర్టు 2007లో ఉత్తరాఖండ్ నుండి వచ్చిన ఒక కేసులో సూచించింది. కేసు చరిత్రను చదివేవారికి ఈ క్రమం చక్కని ఆనవాలు. సమను దశలో ఉన్న కేసు, బెయిలబుల్ వారెంటు దశలో ఉన్న కేసు, ఎన్.బి.డబ్ల్యు. దశలో ఉన్న కేసు అని మూడింటిని వేరుచేసి చూడగలిగితే సగం భయం తీరుతుంది.

పత్రికల్లో తరచు కనిపించే ‘పీటీ వారెంటు’ వీటిలో చేరదు. ఒక కేసులో ఇప్పటికే జైలులో ఉన్నవానిని మరొక కేసులో కోర్టు ముందుకు రప్పించడానికి ఇచ్చేది అది. సివిల్ డిక్రీ బాకీ కోసం ఈ.పి.లో వచ్చే అరెస్టు వారెంటు మరొక జాతి. దానిని అమలుచేసేది పోలీసులు కాదు, కోర్టు అమీనా.

3. కేసును వెదకడం – పేరు పెట్టే చిక్కు

ఈ-కోర్ట్స్ సర్వీసెస్ వెబ్‌సైటులోగాని, అదే పేరుగల మొబైల్ యాప్‌లోగాని జిల్లా, మండల స్థాయి కోర్టుల కేసులను ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. ప్రతి కేసుకు అక్షరాలు, అంకెలు కలిసిన 16 స్థానాల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. అది చేతిలో ఉంటే వెదుకులాటే లేదు. పాత బెయిలు కాగితం మీద, అందిన సమను మీద ఉండే కేసు నంబరు కూడా చాలు. ఆంధ్ర, తెలంగాణ కోర్టుల్లో సి.సి. అంటే క్యాలెండర్ కేసు, ఎస్.సి. అంటే సెషన్స్ కేసు, పి.ఆర్.సి. అంటే సెషన్స్ కోర్టుకు పంపవలసి ఉన్నందున మేజిస్ట్రేటు దగ్గర ప్రాథమిక దశలో నమోదైన కేసు. నంబరు ఏదీ లేనివారికే చిక్కు. వారు పేరుతో వెదకాలి.

పేరుతో వెదకడానికి కనీసం మూడు అక్షరాలు, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. ఇక్కడ సంవత్సరం అంటే నేరం జరిగిన ఏడు కాదు, కోర్టులో కేసు నమోదైన ఏడు. 2019లో జరిగిన కొట్లాట మీద 2021లో చార్జిషీటు దాఖలైతే 2021 కింద చూడాలి. ఇది తేలికగా చెప్పవచ్చు. పేరు అట్లా కాదు.

చీరాలలో ఒక వ్యక్తి పేరు కంప్యూటరు దాకా చేరే దారిని గమనించాలి. అతడు తన పేరు నోటితో చెబుతాడు. స్టేషన్ రైటర్ దానిని తెలుగులో రాస్తాడు. చార్జిషీటులో అది రోమన్ లిపిలోకి మారుతుంది. కోర్టులో దానిని చూసి మరొకరు కంప్యూటరులో ఎక్కిస్తారు. నోటిమాట నుండి తెలుగు లిపికి మారేటప్పుడు నష్టం స్వల్పం, ఎందుకంటే మన లిపి ఉచ్చారణకు దగ్గర. తెలుగు లిపి నుండి రోమన్‌కు మారేటప్పుడు మాత్రం అందరూ అంగీకరించిన నియమమంటూ ఏదీ పనిచేయదు. భాషాశాస్త్ర గ్రంథాల్లో గుర్తులతో కూడిన లిప్యంతరీకరణ పద్ధతులు ఉన్నాయి గాని అవి పోలీసు స్టేషనుకు ఎన్నడూ చేరలేదు.

‘వెంకటేశ్వర్లు’ అనే పేరునే తీసుకోవచ్చు. ‘వెంకట’ను విడిగా రాయడం, కలిపి రాయడం అని రెండు అలవాట్లు. ‘శ్వ’ను ఎస్-డబ్ల్యు అని, ఎస్-హెచ్-డబ్ల్యు అని, ఎస్-వి అని మూడు విధాల రాస్తారు. చివర ‘ర్లు’ను ఉన్నదున్నట్లు రాసేవారు, మధ్యలో యు చేర్చి ‘రులు’గా రాసేవారు కలిపి రెండు విధాలు. ఈ మూడు చోట్ల తేడాలే గుణిస్తే పన్నెండు రూపాలు. ఇంటిపేరు ముందుందా వెనుకనుందా అన్నది చేర్చితే ఇరవైనాలుగు. కంప్యూటరు దృష్టిలో ఇవి ఇరవైనాలుగు వేరువేరు పేర్లు.

ఇటువంటి మార్పులు ఎక్కడెక్కడ వస్తాయో తెలుగు ధ్వనివ్యవస్థ తెలిసినవారు ముందుగానే ఊహించగలరు. దంత్యమైన ‘త’ను చాలామంది తెలుగువారు టి-హెచ్ అని రాస్తారు, మూర్ధన్యమైన ‘ట’కు టి మిగుల్చుకోవడానికి. హిందీ అలవాటున్నవారు రెండింటికీ టి వాడుతారు. ‘సీత’ ఒకచోట టి-హెచ్‌తో, మరొకచోట టితో కనిపించడానికి ఇదే కారణం. ‘లక్ష్మి’లోని ‘క్ష’ కోస్తాలో ఎక్కువగా కె-ఎస్-హెచ్, తెలంగాణలో ఎక్కువగా ఎక్స్. దీర్ఘాలు మరీ అస్థిరం: ‘శ్రీ’లోని ఈకారానికి ఒక ఐ, రెండు ఈలు, ‘రామ’లోని ఆకారానికి ఒక ఎ, రెండు ఎలు. ‘అయ్య’తో ముగిసే పేర్లకు కనీసం మూడు రూపాలు ప్రచారంలో ఉన్నాయి. ‘వెంకయ్య’ చివర ఎ-ఐ-ఎ-హెచ్, ఐ-ఎ-హెచ్, ఎ-వై-వై-ఎ చూడవచ్చు. ఇక పోలీసు రికార్డులో మారుపేరును సూచించడానికి ‘అలియాస్’ బదులు ఈ-మెయిల్ చిరునామాల్లో కనిపించే ఎట్ గుర్తును వాడతారు. బుజ్జి, చంటి, నాని వంటి ముద్దుపేర్లు ఆ గుర్తు తరువాతనే ఉంటాయి. ఒక్కొక్కసారి అసలు పేరు కన్న ఆ ముద్దుపేరు వల్లనే కేసు దొరుకుతుంది.

అందువల్ల పూర్తి పేరు ఇవ్వడం కన్న, మారని భాగాన్ని మాత్రమే ఇవ్వడం మంచి పద్ధతి. వెంకటేశ్వర్లుకు మొదటి నాలుగు రోమన్ అక్షరాలు దాదాపు ఎవరు రాసినా ఒకటే. శ్రీనివాసరావు పేరులో ‘శ్రీ’ని వదలి ‘నివాస్’ అనే భాగం ఇస్తే మేలు. దీర్ఘాలు, ఒత్తులు, శ-ష-సలు లేని హల్లుల గుంపును ఎంచుకోవడమే ఇక్కడి సూత్రం. ఫలితాలు వందల్లో రావచ్చు. అప్పుడు తండ్రి పేరు, పోలీసు స్టేషన్, సెక్షన్లను బట్టి వడగట్టాలి. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్లు కాదు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు గల ఇద్దరు ఉండడం చీరాల, వేటపాలెం వీధుల్లో వింతేమీ కాదు.

పేరును తప్పించుకొనే దారి కూడా ఉంది. ఎఫ్.ఐ.ఆర్. నంబరు, పోలీసు స్టేషన్, సంవత్సరం తెలిస్తే వాటితో వెదకవచ్చు. సున్నితమైన కేసులను మినహాయించి ఎఫ్.ఐ.ఆర్.లను సాధారణంగా 24 గంటల్లో వెబ్‌సైటులో ఉంచాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. అయితే చెక్కు కేసుకు ఎఫ్.ఐ.ఆర్. ఉండదు. అది నేరుగా మేజిస్ట్రేటు ముందు దాఖలయ్యే ప్రైవేటు ఫిర్యాదు. అటువంటి కేసును ఫిర్యాది పేరుతో, అంటే అప్పు ఇచ్చిన ఫైనాన్సు సంస్థ, చిట్‌ఫండ్ లేదా వ్యాపారి పేరుతో వెదకడం సులభం. సంస్థల పేర్లు రోమన్‌లోనే పుట్టినవి కనుక వాటి వర్ణక్రమం అంతగా మారదు.

మరొక సంగతి చాలామంది దృష్టిలో పడదు. 2015 సవరణ తరువాత, ఖాతాలో జమకు వేసిన చెక్కు చెల్లకపోతే, చెక్కు పుచ్చుకున్నవాని ఖాతా ఏ బ్యాంకు శాఖలో ఉన్నదో ఆ ప్రాంతపు కోర్టులోనే కేసు వేయాలి. చీరాల వస్త్రవ్యాపారి ఇచ్చిన చెక్కు మీద కేసు కోయంబత్తూరులోనో సూరత్‌లోనో హైదరాబాదులోనో నడుస్తూ ఉండవచ్చు. అక్కడి కోర్టు వారెంటును ఇక్కడికి అమలుకై పంపగలదు. చీరాల కోర్టులో ఏమీ లేదని తెలిసినంతమాత్రాన వారెంటు లేదని తేలదు. వ్యాపారం ఏయే ఊళ్లతో నడిచిందో ఆయా ఊళ్ల కోర్టులన్నీ చూడాలి.

4. వాయిదాల చరిత్రను చదవడం

కేసు దొరికాక చూడవలసినవి మూడు: కేసు దశ, తదుపరి వాయిదా తేదీ, గత వాయిదాల చరిత్ర. ప్రతి వాయిదాకు ఒక మాటో, ఒక చిన్న వాక్యమో నమోదై ఉంటుంది. ఇది ఆంగ్లమే గాని ఆంగ్లం చదువుకున్నవారికీ వెంటనే బోధపడే ఆంగ్లం కాదు. ‘ఏ1 కాల్డ్ ఆబ్సెంట్, నో రిప్రజెంటేషన్, ఇష్యూ ఎన్.బి.డబ్ల్యు.’ అని ఉంటే, మొదటి నిందితుణ్ణి పిలిచారు, అతడు రాలేదు, అతని తరపున ఎవరూ ఏమీ చెప్పలేదు, కనుక వారెంటు జారీ చేయమని ఉత్తర్వు అయిందని అర్థం. ‘ఆబ్సెంట్ పిటిషన్ ఫైల్డ్ అండ్ అలవ్డ్’ అని ఉంటే గైరుహాజరుకు కోర్టు అనుమతించింది, వారెంటు లేదు. రెండింటిలోనూ ‘ఆబ్సెంట్’ ఉంది. ఆ ఒక్క మాటను పట్టుకొని కంగారుపడేవారు, ఆ ఒక్క మాటను చూసి తేలికగా తీసుకొనేవారు ఇద్దరూ పొరబడుతున్నారు.

‘ఎన్.బి.డబ్ల్యు. పెండింగ్’ అంటే వారెంటు పోలీసుల దగ్గర ఉంది, ఇంకా అమలు కాలేదు. ‘ఎగ్జిక్యూటెడ్’ అంటే అమలయింది. ‘రీకాల్డ్’ అంటే కోర్టు వెనక్కి తీసుకొన్నది. ‘అవెయిట్’ అని మాత్రమే ఉంటే దేనికోసం ఎదురుచూస్తున్నారో ముందు వాయిదాకు వెళ్లి చూడాలి. అది సమను కావచ్చు, వారెంటు కావచ్చు. నిందితులు ఒకరికంటె ఎక్కువమంది ఉన్నప్పుడు ఏ1, ఏ2, ఏ3 సంకేతాలను సరిచూడకుండా తీర్మానించరాదు. ఏ3 మీది వారెంటును చూసి ఏ1 పరారైన సందర్భం హాస్యకథకు పనికివస్తుంది గాని, అటువంటిది నిజజీవితంలో జరిగే వీలు లేకపోలేదు.

చరిత్ర మధ్యలో ఆగిపోయి, తదుపరి తేదీ లేకుండా ఉంటే మరింత జాగ్రత్త అవసరం. నిందితుల్లో ఒకడు ఎంతకీ దొరకనప్పుడు అతని మీది కేసును విడదీసి, దానికి వేరే నంబరిచ్చి, మిగిలినవారి విచారణను పూర్తిచేస్తారు. విడదీసిన కేసు క్రమంగా దీర్ఘకాల పెండింగు కేసుల్లోకి, అంటే ఎల్.పి.సి.లోకి చేరుతుంది. పాత నంబరుతో చూసినవానికి ‘డిస్పోజ్డ్’ అని కనిపిస్తుంది. కేసు కొట్టివేశారని అతడు సంతోషిస్తాడు. తోటివారి కేసు ముగిసింది. అతనిది మాత్రం కొత్త నంబరు కింద వారెంటుతో సహా నిలిచే ఉంది.

5. కోర్టు ఆవరణలో

అంతర్జాలంలోని నమోదు ప్రాథమిక సమాచారం మాత్రమే. ఉదయం రీకాల్ అయిన వారెంటు, ఆ రోజు ఉత్తర్వు కంప్యూటరులో ఎక్కేవరకు పెండింగులో ఉన్నట్లే కనిపిస్తుంది. నిజం కేసు కట్టలో ఉంటుంది. దాని సంగతి తెలిసేది బెంచి క్లర్కుకు. వారెంటు చేరిన స్టేషను తరపున కోర్టు పనులు చూసే కోర్టు కానిస్టేబుల్‌కు కూడా తెలుస్తుంది. అడగవలసింది న్యాయవాది ద్వారా. వారెంటు ఉన్నవాడు తానే స్టేషనుకు వెళ్లి అడిగితే, అతణ్ణి అరెస్టు చేయడం ఆ అధికారి విధి అవుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, వారెంటు అనే ఆజ్ఞ స్వభావమే అది. న్యాయవాదిని పెట్టుకోలేనివారు కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీని ఆశ్రయించవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. స్త్రీలు, ఎస్.సి., ఎస్.టి. వర్గాలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

జారీ అయిన ప్రతి వారెంటుకు వరుస సంఖ్య వేసి కోర్టు రిజిస్టరులో ఎక్కించాలని, పోలీసు స్టేషనులోనూ అటువంటి రిజిస్టరు ఉండాలని 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో నిర్దేశించింది. న్యాయాధికారి సంతకం పూర్తిగా, చదవడానికి వీలుగా ఉండాలని, కేసు వివరాలన్నీ పూరించాలని కూడా అందులో ఉంది. వాట్సాప్‌లో ‘వారెంటు’ చిత్రాలు పంపి, వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో డబ్బు గుంజుతున్న ఈ రోజుల్లో ఈ ఆనవాళ్లు సామాన్యునికి ఎంతో అక్కర. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. కాగితం మీద కోర్టు పేరు, కేసు నంబరు ఉన్నాయా, ఆ నంబరు ఈ-కోర్ట్స్‌లో దొరుకుతున్నదా అని చూస్తే అటువంటి నకిలీలు చాలావరకు బయటపడతాయి. మోసం జరిగితే ఫిర్యాదు చేయవలసిన నంబరు 1930.

6. ముద్దాయి ఎవరు? – వినిపించే భాష

తెలుగు న్యాయవ్యవహారంలోని మాటలు మూడు పొరలుగా ఉన్నాయి. వకాల్తా, జామీను, వాయిదా, అమీనా, ఫిర్యాది అరబీ, పారసీకాల నుండి వచ్చినవి. వారెంటు, సమను, బెయిలు ఆంగ్లం నుండి వచ్చినవి. నిందితుడు, అభియోగం, ధర్మాసనం సంస్కృతం ఆధారంగా ఏర్పడినవి. కచేరీ మాటలకు సి.పి. బ్రౌన్ 1852లోనే ‘జిల్లా నిఘంటువు’ ప్రచురించాడు. దానిని రోమన్ లిపిలో ఇవ్వడం, నేటి ఈ-కోర్ట్స్ అవస్థ చూస్తే, కాకతాళీయమే అయినా ఆలోచింపజేస్తుంది.

మొదటి పొరలోని ‘ముద్దాయి’ ప్రయాణం విచిత్రమైనది. అరబీలోను, ఉర్దూలోను ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, వాది. ఎదుటివాడు ‘ముద్దా అలైహ్’. తెలుగులోకి వచ్చేసరికి మొదటి మాటే రెండవవాని అర్థాన్ని సంతరించుకొన్నది. ఇప్పుడు ముద్దాయి అంటే నేరారోపణకు గురైనవాడు. పాత హైదరాబాదు సంస్థానపు ఉర్దూ రికార్డులను, కోస్తా తెలుగు రికార్డులను పక్కపక్కన పెట్టి చదివే పరిశోధకుడు ఈ తారుమారును మరిస్తే, వ్యాజ్యం వేసినవానినే దోషిగా చూసే ప్రమాదముంది. లోకంలో ముద్దాయి అన్న మాటకు దోషి అన్న ఛాయ కూడా పట్టింది. కోర్టు ఇంకా ఏమీ తేల్చకముందే ఊరు తేల్చివేయడంలో ఈ మాటకూ కొంత పాత్ర ఉంది. వారెంటు ఉన్నదంటే నేరం రుజువైనదని కాదు, హాజరు కాలేదని మాత్రమే.

అమలు సమయంలో భాష మరింత కీలకమవుతుంది. సురక్షా సంహిత 77వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసే అధికారి వారెంటు సారాంశాన్ని ఆ వ్యక్తికి తెలియజేయాలి, అడిగితే వారెంటును చూపాలి. 2025 మేలో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు, వారెంటు మీద అరెస్టు జరిగినప్పుడు ఆ వారెంటును చదివి వినిపించడమే కారణాలు తెలిపినట్లు అవుతుందని వివరించింది. అదే సంవత్సరం నవంబరులో మరొక తీర్పులో, అరెస్టు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలన్నది. ఈ రెండు మాటలను కలిపి చదివితే, ఆంగ్లంలో పూరించిన వారెంటును ఆంగ్లంలోనే చదివి వినిపిస్తే అది వినిపించినట్లా అన్న ప్రశ్న తప్పదు. హైకోర్టు మినహా రాష్ట్రంలోని కోర్టుల భాషను నిర్ణయించే అధికారం 307వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టే ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. తీర్పుకు వీలైనది ఒక పుటకు మించని వారెంటు పత్రానికి వీలుకాకపోవడానికి భాషాపరమైన కారణమేదీ కనిపించదు. పూరించవలసినది పేరు, తండ్రి పేరు, ఊరు, నేరం, తేదీ. ఇవి తెలుగు లిపిలో నమోదైతే పైన చెప్పిన ఇరవైనాలుగు రూపాల బాధ చాలావరకు తీరుతుంది.

చట్టం బహిరంగంగా చదివి వినిపించమన్న సందర్భం మరొకటి ఉంది. వారెంటుకు దొరకకుండా దాగినాడని కోర్టు నమ్మినప్పుడు 84వ సెక్షన్ కింద ప్రకటన వెలువరిస్తుంది. ఆ వ్యక్తి నివసించే ఊరిలో పదిమందికీ కనిపించే చోట దానిని చదవాలి, ఇంటికి అతికించాలి, కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. మన పల్లెల దండోరాకు ఇది చుట్టం. అయితే ఊరికి వినిపించే ఈ ఏర్పాటు అన్ని దశలూ దాటిన తరువాత వస్తుంది. సమను దశలో, వారెంటు దశలో ఉన్నది మౌనమే.

7. రీకాల్

వారెంటు ఉన్నదని తేలినవాడు న్యాయవాదితో కలిసి కోర్టులో స్వయంగా హాజరై, 72వ సెక్షన్ రెండవ ఉపవిభాగం కింద రీకాల్ పిటిషన్ వేసుకోవాలి. రాకపోవడానికి కారణాన్ని ఆధారాలతో చూపాలి: ఆసుపత్రి కాగితాలు, వలస వెళ్లిన ఊరి చిరునామా, సమను అందలేదన్న వివరం. కోర్టు అంగీకరిస్తే వారెంటు రద్దవుతుంది. ఖర్చులు కట్టమనవచ్చు, కొత్త జామీనుదారులను తెమ్మనవచ్చు. పిటిషన్ వేసినంత మాత్రాన వారెంటు ఆగదు. ఉత్తర్వు వెలువడేవరకు అది అమలులోనే ఉంటుంది. బెయిలు మీద ఉండి తగిన కారణం లేకుండా హాజరు కాకపోవడం భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద విడిగా నేరం, ఏడాది వరకు శిక్ష ఉంది.

రద్దు ఉత్తర్వు కోర్టులో వెలువడడం ఒకటి, అది స్టేషనుకు చేరడం మరొకటి. 2011 నాటి తీర్పుకు మూలమైన కేసులో ముంబైకి చెందిన ఒక న్యాయవాదిని, అప్పటికే రద్దయిన వారెంటు మీద 2002 ఆగస్టు 15న అరెస్టు చేశారు. అరెస్టు చేసిన అధికారి 2,000 రూపాయలు చెల్లించాలని ఆదేశమైంది. వారెంటు రద్దయితే దానిని అమలుచేయకుండా వెంటనే తిప్పిపంపమని పోలీసులకు రాయాలని, ఉత్తర్వు ప్రతిని నిందితునికి కూడా ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది ఆ తీర్పులోనే. చీరాల వారెంటు విషయంలో ఆ కాగితం ప్రకాశం న్యాయ జిల్లా కోర్టు నుండి బాపట్ల జిల్లా పోలీసు స్టేషనుకు చేరాలి. చేరేవరకు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీని జేబులో ఉంచుకోవడం, దానిలోని పేరు, తండ్రి పేరు, కేసు నంబరు వారెంటులోని అక్షరాలతో సరిపోయాయో లేదో కాపీ తీసుకొనే రోజునే చూసుకోవడం అవసరం.